విదేశయాత్రలో వెంట తీసుకువెళ్లే పండ్లు

తార్‌బహార్ పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు దూరప్రయాణాలు కొత్తవి కావు. 1931లో రాయ్‌పూర్-విజయనగరం రైలు మార్గం పూర్తయిన పిమ్మట ఉత్తరాంధ్రతో రాకపోకలు సుగమమైనాయి. వేసవి సెలవులకు స్వగ్రామం వెళ్లి, తిరుగు ప్రయాణంలో మామిడిపండ్ల బుట్ట తెచ్చుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. రాష్ట్రాల ఎల్లలు దాటినా ఆ బుట్టను ఆపేవారు లేరు. అయితే నేడు మన బిడ్డలు అనేకులు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను స్థిరపడుతున్నారు. వారిని చూడబోయే తల్లిదండ్రులు అదే బుట్టతో విమానమెక్కితే చిక్కులు తప్పవు. అందుచేత ఈ విషయమును పాఠకుల దృష్టికి తేదలచినాము.

పండు పైకి నిగనిగలాడుతూ ఉండవచ్చు. పండు ఈగ తొక్కకు సన్నని రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది. టెంక పురుగు టెంకలోనే దాగి ఉంటుంది. ఇవి కంటికి కనిపించవు. కొత్త నేలపై పాదం మోపిన పురుగుకు అక్కడ సహజశత్రువులు లేకపోతే తోటలకు తోటలే నాశనమవుతాయి. కరివేపాకుదీ ఇదే కథ. నారింజ జాతి చెట్లకు 'గ్రీనింగ్' తెగులు మోసే చిన్న పురుగుకు కరివేప చెట్టు ఆశ్రయమిస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఆ తెగులు 2005లో బయటపడింది. నాటి నుండి అక్కడి నారింజ దిగుబడి 90 శాతానికి పైగా పడిపోవడానికి అదే ప్రధాన కారణం. కనుకనే పచ్చి కరివేపాకును అక్కడ అనుమతించరు.

మన మామిడి అమెరికాలో దొరకదా అంటే, దొరుకుతుంది. ఆమోదం పొందిన కేంద్రాలలో వికిరణ ప్రక్రియ జరిపి పంపే పండ్లకు 2007 నుండి అక్కడ ప్రవేశముంది. ఇంటి నుండి పెట్టెలో పెట్టుకొని వెళ్లే పండుకు ఆ ప్రక్రియ జరగలేదు గనుక ప్రవేశం లేదు. ఐరోపా సమాఖ్య దేశాలలో 2019 డిసెంబరు 14 నుండి అనాస, కొబ్బరి, అరటి, ఖర్జూరం, దురియన్ మినహా తక్కిన తాజా పండ్లకు సస్యారోగ్య ధ్రువపత్రం ఉండితీరాలి. మన సరుకులో పండు ఈగలు కనిపించినందున 2014 మే నెలలో ఆ సమాఖ్య భారతీయ మామిడిని నిషేధించింది. 2015 ఆరంభంలో గాని అది తొలగలేదు. ఆ ఏటి నష్టాన్ని మోసినది మన రైతులు, ఎగుమతిదారులే.

శిక్షలు స్వల్పమైనవి కావు. 2018లో ఒక ప్రయాణికురాలు విమానంలో ఉచితంగా ఇచ్చిన ఆపిల్ పండును సంచిలో ఉంచుకొని, చెప్పకుండా దిగినందుకు అమెరికాలో 500 డాలర్ల జరిమానా ఎదుర్కొన్నది. 2025లో మలయాళ నటి నవ్యా నాయర్ చేతిసంచిలో మల్లెపూల దండ ఉన్నందుకు ఆస్ట్రేలియాలో 1,980 డాలర్ల జరిమానా విధించారు. న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్లు చెల్లించాలి. ఆస్ట్రేలియాలో తీవ్రమైన ఉల్లంఘనకు వీసా రద్దు కావచ్చు.

ఇది మనపై అనుమానం కాదు. మన రైలు కట్టల వెంబడి పెరిగే వయ్యారిభామను చూడండి. 1955లో పూనా వద్ద గుర్తించిన ఈ మొక్క దిగుమతి ధాన్యంతో వచ్చినదని నమ్ముతారు. నేడు అది దేశమంతటా పొలాలను ఆక్రమించి, మనుషులకు చర్మవ్యాధులు, ఉబ్బసం కలిగిస్తున్నది. మన దేశానికి కూడా 1914 నాటి చట్టం, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఉన్నాయి. తిరిగివచ్చేటప్పుడు విత్తనాలు, మొక్కలు తెచ్చేవారికి అవి వర్తిస్తాయి.

కనుక ప్రయాణికులు పాటించవలసినవి ఇవి:

వెళ్లే దేశపు నియమాలను టిక్కెట్టు కొన్ననాడే తెలుసుకోవాలి. అవి దేశానికొక తీరుగా ఉంటాయి.

తాజా పండ్లు, పూలు, ఆకులు, విత్తనాలు సామానులో పెట్టరాదు. ప్రసాదంతో వచ్చిన అరటిపండు, తలలోని పూలు సైతం ఈ లెక్కలోనివే. విమానంలో ఇచ్చిన పండును అక్కడే తినివేయాలి.

శాకాహార ఊరగాయలను, పొడులను అమెరికాలో సాధారణంగా అనుమతిస్తారు. అయినను వాటిని కూడా ప్రకటించాలి.

సందేహమున్న ప్రతి వస్తువును అధికారికి చెప్పాలి. చెప్పినచో సాధారణంగా పోయేది ఆ వస్తువే. దాచినచో పరువు, డబ్బు, ఒక్కొక్కప్పుడు మనుమలను చూసే అవకాశం కూడా పోతాయి.

పండు లేకున్నా పిల్లలకు లోటు రాదు. ఆవకాయ సీసా చేతికిచ్చి, మామిడిపండ్లు అక్కడి అంగడిలో కొనుక్కొని అందరూ కలిసి తినవచ్చును.