ఓఆర్‌ఆర్‌పై 120లో వెళ్తే మైలేజీ ఎందుకు పడిపోతుంది?

గచ్చిబౌలిలో ఓఆర్‌ఆర్‌ ఎక్కగానే మీ స్పోర్ట్స్‌ కారు 120 అందుకుంటోందా? గరిష్ఠ వేగ పరిమితి అదే కాబట్టి చలానా భయం లేదు. పెట్రోలు ఖర్చు మాత్రం పెరుగుతుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. గంటకు 80 కి.మీ.తో పోలిస్తే 120లో అది 2.25 రెట్లు. హైటెక్‌ సిటీ సిగ్నళ్ల దగ్గర సమస్య వేరు: దూకించి బ్రేకేసిన ప్రతిసారీ ఆ శక్తంతా వేడిగా పోతుంది.

మరి ట్యూనింగ్‌తో మైలేజీ పెరుగుతుందా? పవర్‌ కోసం చేసే ఈసీయూ ట్యూనింగ్‌లో యాక్సిలరేటర్‌ పూర్తిగా తొక్కినప్పుడు సాధారణంగా ఇంధనం మరింత ఎక్కువగా అందుతుంది. చట్టం అనుమతించని మార్పు చేయిస్తే, మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 182ఏ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండూ పడొచ్చు.

ముందు టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి ఉందో లేదో చూసుకోండి. ఓఆర్‌ఆర్‌పై 80 లేన్‌లో వెళ్లి చూడండి. తేడా మీటర్‌లోనే కనిపిస్తుంది.