అణువు ఆకృతిని గుర్తుంచుకునే జెల్: నీటి పరీక్షలో అణు ముద్రణ పదార్థాలు

బలిఘట్టం (నర్సీపట్నం): అనకాపల్లి జిల్లా నర్సీపట్నం పట్టణాన్ని ఆనుకొని ఉన్న బలిఘట్టం వద్ద వరాహ నది ఉత్తర దిశగా ప్రవహిస్తుంది. బలిచక్రవర్తి యజ్ఞం చేసిన స్థలంగా ప్రసిద్ధి చెందిన ఈ గ్రామంలో బ్రహ్మలింగేశ్వరస్వామి వారి ఆలయం కలదు. మహాశివరాత్రి పర్వదినాన భక్తులు పెద్ద సంఖ్యలో ఇక్కడ నదీస్నానం ఆచరిస్తారు. ఈ నదియే దిగువన లక్కబొమ్మలకు పేరొందిన ఏటికొప్పాక మీదుగా సాగి బంగాళాఖాతాన్ని చేరుతుంది.

ఇటువంటి నదిలోని నీటి యోగ్యతను గురించి ప్రశ్న తలెత్తినప్పుడు ఆమ్ల గుణం, లవణాల మోతాదు వంటి అంశాలను ఒడ్డుననే తెలుసుకొనవచ్చును. కాని నీటిలో ఫలానా పురుగుమందు లేదా ఫలానా ఔషధ అవశేషం ఉన్నదా అని తేల్చవలసి వచ్చినప్పుడు నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపక తప్పదు. క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు ఖరీదైనవి. వాటిని నడుపుటకు శిక్షణ పొందిన సిబ్బంది అవసరం. ఫలితం చేతికి వచ్చే నాటికి నమూనా తీసిన నీరు సముద్రంలో కలిసిపోయి ఉంటుంది. ఈ జాప్యాన్ని తగ్గించే దిశగా శాస్త్రవేత్తలు కృషి చేస్తున్న మార్గాలలో అణు ముద్రణ విధానం ఒకటి.

నది ఒడ్డున తడి మట్టిలో పడిన అడుగు ఎండిన తరువాత కూడా నిలిచి ఉంటుంది. ఆ గుంటలో అదే పాదం సరిగా ఇముడుతుంది, వేరొకరి పాదం ఇమడదు. అణు ముద్రిత జెల్ తయారీలో జరిగేది ఇంచుమించు ఇదే. ఏ పదార్థాన్ని గుర్తించవలసి ఉన్నదో దాని అణువులను ముందుగా మెథాక్రిలిక్ ఆమ్లం వంటి చిన్న అణువులతో కలుపుతారు. ఇవి ఆ అణువు చుట్టూ తమకు అనువైన చోట్ల చేరుకుంటాయి. ఆపైన వీటన్నింటినీ గొలుసులుగా, గొలుసులను వలగా బంధిస్తారు. చివరకు మొదటి అణువును ద్రావకంతో కడిగివేయగా దాని ఆకృతి గల ఖాళీ జెల్‌లో మిగులుతుంది. తిరిగి అదే అణువు ఎదురైనప్పుడు ఆ ఖాళీ దానిని పట్టుకొంటుంది. పట్టుకొన్న సంగతిని విద్యుత్ ప్రవాహంలోనో, కాంతిలోనో, బరువులోనో వచ్చే మార్పు ద్వారా తెలుసుకొంటారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1931లోనే సోవియట్ శాస్త్రవేత్త పోల్యకోవ్ బెంజీన్, టోలుయీన్ వంటి ద్రవాల సమక్షంలో ఆరబెట్టిన సిలికా జెల్ ఆ ద్రవాన్నే ఎక్కువగా గ్రహించుటను గమనించారు. 1949లో అమెరికాలో లైనస్ పౌలింగ్ శిష్యుడు ఫ్రాంక్ డిక్కీ, మిథైల్ ఆరెంజ్ అను రంగు సమక్షంలో తయారైన జెల్ దాని సోదర రంగుల కంటె దానినే అధికంగా పట్టుకొనునని చూపారు. శరీరంలో ప్రతిరక్షకాలు ఏర్పడు తీరుపై పౌలింగ్ చేసిన ఊహ ఈ ప్రయోగానికి ప్రేరణ. ఆ ఊహ తరువాతి కాలంలో తప్పని తేలినా, దాని నుండి పుట్టిన జెల్ మాత్రం నిలిచింది. 1972లో జర్మనీకి చెందిన గుంటర్ వుల్ఫ్ ఈ విధానాన్ని సేంద్రియ పాలిమర్లకు విస్తరింపజేశారు. 1993లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్లాస్ మోస్బాక్ బృందం ఉబ్బసానికి వాడే థియోఫిలిన్‌ను ఈ విధంగా గుర్తించింది. కాఫీలోని కెఫీన్‌కు, థియోఫిలిన్‌కు గల తేడా ఒక్క మిథైల్ సమూహం మాత్రమే. అయినను ఆ పాలిమర్ కెఫీన్‌ను దాదాపుగా పట్టించుకోలేదు.

మన దేశంలో తిరువనంతపురంలోని ప్రాంతీయ పరిశోధనాశాలలో టి. ప్రసాదరావు బృందం ఇదే సూత్రాన్ని లోహ అయాన్లకు అన్వయించి, యురేనియం వంటి లోహాలను ఇతర లోహాల మధ్య నుండి ఏరి తీయుటపై 2000 దశకంలో విస్తృతంగా పరిశోధించింది. కడప ప్రాంతంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని గల మన రాష్ట్రానికి ఇది దూరపు విషయం కాదు.

ఇటువంటి ఎంపిక ఎందుకు అవసరమో పటాన్‌చెరు ఉదంతం తెలుపుతుంది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే అచ్చటి ఉమ్మడి కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటె ఇది అధికం. అయితే అది శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చిన నీటి లెక్క. తాగునీటి లెక్క కాదు. ఈ భేదాన్ని వార్తలలో విస్మరించరాదు. మందుల పరిశ్రమలు పరవాడ, నక్కపల్లి ప్రాంతాలలో కూడా నెలకొన్నందున ఈ అంశం అనకాపల్లి జిల్లా యంత్రాంగానికి సైతం ఆసక్తికరమైనది.

జెల్‌లోని ఖాళీ అణువును పట్టుకొనుటయే కాక మార్చగలదు కూడా. రసాయన చర్య మధ్యలో అణువు క్షణకాలం దాల్చే రూపాన్ని పోలిన పదార్థంతో ముద్ర వేసినచో, ఆ జెల్ సదరు చర్యను వేగవంతం చేస్తుంది. ఎస్టర్లను విడగొట్టుటలో ఇది నిరూపితమైనను సహజ ఎంజైముల వేగానికి ఇవి ఇంకను చాలా దూరంలో ఉన్నవి.

పరిమితులను కూడా చెప్పవలసి ఉన్నది. వాన కురిసినప్పుడు ఒడ్డున ఎండిన అడుగు ముద్ర మెత్తబడి చెదిరినట్లు, నీటిలో జెల్ ఉబ్బినప్పుడు ఖాళీల ఆకృతి మారుతుంది. వలను బిగువుగా అల్లినచో ఆకృతి నిలుస్తుంది గాని అణువులు లోనికి వెళ్లుటకు ఆలస్యమవుతుంది. పైగా నీటి అణువులే ఆ బంధాలకు పోటీ పడతాయి. అందుచేత సేంద్రియ ద్రావకంలో చక్కగా పనిచేసిన జెల్ నదీజలంలో అదే విధంగా పనిచేయకపోవచ్చును. మరొక చిక్కు మరింత సున్నితమైనది. తయారీలో వాడిన అణువులు పూర్తిగా కడగబడక కొద్దిగా మిగిలి, పరీక్ష సమయంలో మెల్లగా బయటకు వచ్చినచో, నీటిలో లేని పదార్థం ఉన్నట్లు పరికరం చూపుతుంది. దీనిని నివారించుటకు అసలు అణువును పోలిన మరొక అణువుతో ముద్ర వేసే పద్ధతి వాడుకలో ఉన్నది.

కావున ఇటువంటి పరికరాన్ని ఎవరైనా ప్రదర్శించినప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుట అవసరం. ముద్ర లేని జెల్‌ను కూడా పక్కన పెట్టి పోల్చారా? ప్రయోగశాల నీటిలోనా, బురద, నాచు కలిసిన నదీజలంలోనా పరీక్షించారు? పోలిక గల ఇతర అణువులను అది ఎంత మేరకు తిరస్కరించింది? ఒడ్డున వచ్చిన ఫలితం ప్రాథమిక సూచన మాత్రమే. అదే చోట, అదే వేళ తీసిన మరొక నమూనాను సీలు చేసి, తేదీ, స్థలం నమోదు చేసి ప్రయోగశాలకు పంపి ధ్రువీకరించుకొన్న పిదపనే దానిని ప్రకటించుట ఉచితం.