ఇంటి చదువు, చట్టం, ఆటిజం ఉన్న బిడ్డలు



ఆరేళ్ళు నిండిన ప్రతి బిడ్డా బడికి వెళ్ళాలన్నది ఇవాళ చట్టం. మరి ఆ బిడ్డ పిలిస్తే పలకకపోతే? పదిమంది గోల చేస్తే చెవులు మూసుకుని ఏడిస్తే? ఒకే మాటను పదే పదే అంటూ, ఒకే చోట తిరుగుతూ ఉంటే? అలాంటప్పుడు, “వీణ్ణి ఇంట్లోనే ఉంచుకోండి, పేరు రిజిస్టరులో ఉంటుంది లెండి” అనే సలహా వస్తుంది. ఈ సలహా చట్టానికి సరిపోతుందా? బిడ్డకు మేలు చేస్తుందా? చాకవేలు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తల్లిదండ్రులకు పనికివచ్చేలా ఈ సంగతి చెప్పుకుందాం.

పైన చెప్పిన లక్షణాలు చాలావరకు ఆటిజానివి. కన్నడంలో దీన్ని స్వలీనతె అంటారు. మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల ఇది పసితనంలోనే కనబడుతుంది. తల్లి పెంపకంలో లోపం వల్ల రాదు, దిష్టి వల్ల అంతకన్నా రాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో దీని పేరే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం దీన్ని పేర్కొన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఇదీ ఒకటి.

ఇక చదువు సంగతి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు దగ్గరి బడిలో ఉచిత విద్య ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. బిడ్డను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత. అయితే చేర్చని తల్లిదండ్రులకు ఈ చట్టం ఏ శిక్షా పెట్టలేదు. వైకల్యం ఉన్న బిడ్డలకు ఈ ఉచిత విద్య పద్దెనిమిదేళ్ళ దాకా ఉండాలని 2016 చట్టం చెప్పింది. దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది కుటుంబం ఇష్టం.

2012లో విద్యాహక్కు చట్టానికి ఒక సవరణ వచ్చింది. తీవ్ర వైకల్యం గానీ, ఒకటికి మించిన వైకల్యాలు గానీ ఉన్న బిడ్డ కోరుకుంటే ఇంటి దగ్గరే చదువు పొందే హక్కు ఉంటుందని అందులో చెప్పారు. ఇక్కడ తీవ్రమంటే 80 శాతం, లేదా అంతకు మించి. ఈ శాతాన్ని వైద్యులు పరీక్ష చేసి నిర్ణయిస్తారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా తీవ్ర వైకల్యం ఉండి, బడికి రాలేని పిల్లలకు ఈ అవకాశం కొనసాగుతుందన్నది. ఇంటి చదువు ఎంతవరకు ఫలిస్తున్నదో తనిఖీ చేసి ప్రమాణాలు ఏర్పరచాలని కూడా చెప్పింది.

శ్రోతలు ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. “కోరుకునే హక్కు” అని చట్టం అన్నది. కోరవలసింది బిడ్డ తరఫున కుటుంబం. అల్లరి చేస్తున్నాడనో, పాఠం సాగడం లేదనో బడివారు తమంతట తాము బిడ్డను ఇంటికి పంపడానికి ఈ సవరణ రాలేదు. అసలు 50 శాతం ఆటిజం ఉన్న బిడ్డకు చట్టం ఇచ్చిన హక్కు బడిలో చోటు. ఆ బిడ్డకు తగిన వసతి కల్పించడం బడి పని. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి ఇంటి చదువే ఎంచుకుంటే? రిజిస్టరులో పేరున్నంత మాత్రాన అది చదువు కాదు. కర్ణాటకలో తాలూకా స్థాయిలో బీఐఇఆర్‌టీలనే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. వారు ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి, నేర్పాలి, తల్లికీ నేర్పే పద్ధతి చూపాలి. చేతులు కడుక్కోవడం, సంగటి తానే తినడం, వేరుసెనగ కాయలు లెక్కపెట్టడం, కావలసిన వస్తువును బొమ్మ చూపి అడగడం, ఇవన్నీ ఈ బిడ్డకు పాఠాలే. అయితే ఇంట్లోనే ఉండిపోయిన బిడ్డకు తోటిపిల్లల సావాసం కరువవుతుంది. అందుకని వారంలో ఒకటి రెండు రోజులైనా, కాసేపైనా బడికి తీసుకువెళ్ళగలమా అని మేష్టర్లతో మాట్లాడుకోవడం మంచిది.

మన సరిహద్దు పల్లెల్లో మరో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ముదరదు. కాబట్టి కన్నడం కోసం ఇంట్లో తెలుగు మానుకోవలసిన పని లేదు. తల్లి ఏ భాషలో లాలిస్తుందో ఆ భాషలోనే బిడ్డకు మొదటి మాటలు నేర్పాలి. వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతున్నది. ఇంటికి వచ్చే ఉపాధ్యాయునితో ఈ సంగతి చెప్పండి.

ఇతర దేశాల తీరు వేరు. జర్మనీలో బడికి పంపడం తప్పనిసరి, ఇంటి చదువు ఒప్పుకోరు. ఇంగ్లండులో 1996 నాటి చట్టం ప్రకారం ఇంట్లో చెప్పవచ్చు గాని, ఆ చదువు బిడ్డ వయసుకు, శక్తికి, ప్రత్యేక అవసరాలకు తగినట్టు ఉండాలి. మన దగ్గర నిబంధనలు పలచన. కనుక తనిఖీ చేసే బాధ్యత కొంత తల్లిదండ్రుల మీదే పడుతున్నది.

చేయవలసిన పనులు ఇవి. ముందు వైద్యుల పరీక్ష చేయించి వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తీసుకోండి. అవి చేతికి వచ్చేదాకా బడిలో చేర్చడం ఆపకండి. ఇంటి చదువు కావాలంటే క్షేత్ర శిక్షణాధికారికి, అంటే బీఇఓకు, అర్జీ రాసి నకలు దగ్గర ఉంచుకోండి. ఉపాధ్యాయులు నెలకు ఎన్నిసార్లు వస్తారు, ఏం నేర్పుతారు అని అడగండి. వచ్చిన ప్రతి తేదీనీ ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ఎవరూ రాకపోతే ఎస్‌డీఎంసీ సమావేశంలో ఆ పుస్తకం చూపండి. అక్కడా తేలకపోతే బెంగళూరులోని రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు, బాలల హక్కుల కమిషనుకు రాయవచ్చు.

బడి గదిలో నేర్చుకున్నా, ఇంటి అరుగు మీద నేర్చుకున్నా, ఆ బిడ్డకు నేర్పే మనిషి ఒకరుండాలి. ఆ మనిషిని అడిగే హక్కు మీకున్నది.