పురిటి గదిలో తెలిసిన చెయ్యి

ఇంట్లోనే కంటానన్న అమ్మాయికి చీమకుర్తి ఏం సమాధానం చెప్పగలదు?

ఒంగోలు దాటి కర్నూలు రోడ్డెక్కితే సుమారు 20 కిలోమీటర్లకు చీమకుర్తి. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకూ ఈ నేలలోంచే వెళుతుంది. బండరాళ్లు మోసే లారీలు రాత్రీ పగలూ ఈ రోడ్డు మీదే తిరుగుతాయి. బిడ్డ అడ్డం తిరిగిన తల్లినీ, కాన్పయ్యాక రక్తం ఆగని బాలింతనూ ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లే 108 కూడా ఆ లారీల మధ్యే దారి చేసుకోవాలి. ఇంటి దగ్గర కాన్పు గురించి ఈ ఊళ్లో ఏం మాట్లాడినా ఈ రోడ్డును పక్కనపెట్టి మాట్లాడలేం.

మాట్లాడాల్సిన అవసరం మాత్రం వచ్చింది. మొదటి కాన్పుకే పెద్దాపరేషన్ అయిపోయి, ఎందుకు చేశారో ఇప్పటికీ అర్థం కాని అమ్మాయిలు మన మధ్య చాలామందే ఉన్నారు. వాళ్ల పాట్లు చూసిన చెల్లెళ్లు, తోడికోడళ్లు అడుగుతున్నారు: మా అమ్మమ్మ అందరినీ ఇంట్లోనే కంది గదా, మంచి మిడ్‌వైఫ్ దొరికితే నేను మాత్రం కనకూడదా అని. కసురుకుని నోరు మూయించాల్సిన ప్రశ్న కాదిది. అడిగిన పిల్ల భయపడుతున్నది నొప్పులకు కాదు. తన ఒంటి మీద ఏం జరుగుతోందో చెప్పే మనిషి లేకుండా, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య బల్లమీద వెల్లకిలా పడుకోవడానికి భయపడుతోంది.

ఆ భయానికి అంకెల ఆధారం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. వంద కాన్పుల్లో 42 కోత కాన్పులు. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 63. తెలంగాణలో పరిస్థితి ఇంకా ముదిరింది, మొత్తం మీద 60 దాటింది. సిజేరియన్లు నూటికి పది దాటాక జనాభా మొత్తం మీద చూస్తే తల్లీబిడ్డల మరణాలు అందువల్ల ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మన దగ్గర దీనికి ముహూర్తాల పిచ్చి కూడా తోడైంది. పంతులుగారు రాసిచ్చిన ఘడియకు బిడ్డను బయటికి తీయమని అడిగే కుటుంబాలున్నాయి, సరేననే డాక్టర్లూ ఉన్నారు. కోత అవసరమైన చోట ప్రాణం నిలుపుతుంది. అవసరం లేని చోట పెట్టిన కోత తర్వాతి కాన్పులన్నిటి మీదా ముద్ర వేస్తుంది.

అయితే ఇంకో లెక్క కూడా పక్కనే పెట్టుకోవాలి. 2001–03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45కు దిగింది. ఆసుపత్రి కాన్పులు, 108 వాహనాలు, రక్తనిధులు, జననీ సురక్ష లాంటి పథకాలు అన్నీ కలిసి చేసిన పని ఇది. అమ్మమ్మ అందరినీ ఇంట్లోనే కన్నమాట నిజమే. ఆవిడతోపాటు పురిటికెళ్లి తిరిగిరాని వాళ్ల గురించి ఇళ్లలో ఎక్కువగా చెప్పుకోరు, అంతే.

మంత్రసాని ఎటుపోయింది

అమ్మమ్మల కాలంలో పురుడంటే మంత్రసాని. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎక్కువగా మంగలి, మాదిగ, చాకలి ఇళ్ల ఆడవాళ్లు ఈ పని చేసేవారు. నొప్పులు పట్టాయని కబురొస్తే అర్ధరాత్రయినా వచ్చేవారు. దొంగనొప్పులేవో అసలు నొప్పులేవో చెయ్యి వేసి చెప్పేవారు. గోడ పట్టుకుని నడిపించడం, వేన్నీళ్లు పోయడం, గొంతుక్కూర్చోబెట్టి నడుం వత్తడం, మాయ పడేదాకా కనిపెట్టుకుని ఉండటం, బొడ్డు కోయడం, బిడ్డకు కాళ్లమీద నీళ్లుపోయడం అన్నీ వాళ్లే. నొప్పుల్లో తల్లిని కదలనివ్వండి, నచ్చిన భంగిమలో ఉండనివ్వండి, పక్కన తనకు నమ్మకమైన తోడు ఉండనివ్వండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొన్ని వాళ్లకు తరతరాలుగా తెలిసినవే.

ఆ పనికి దక్కిందేమిటి? నాలుగు శేర్ల వడ్లు, ఒక చీర, కాసిన్ని చిల్లరడబ్బులు. ఊరందరి పిల్లల్నీ మొదట పట్టుకున్న చేతులవి. పదకొండో రోజు పురుడు తీరి ఇల్లు కడుక్కున్నాక ఆ చేతులకే గడప లోపలికి ప్రవేశం ఉండేది కాదు. రక్తం, మాయ, మైల ముట్టుకునే పని కాబట్టి ఆ పనిని కులానికి కట్టేశాం. కులానికి కట్టేశాం కాబట్టి దాన్ని విద్యగా గుర్తించలేదు. బిడ్డొచ్చినా పట్టాలి, గడ్డొచ్చినా పట్టాలి అని ఆమె మీద సామెత చెప్పుకున్న ఊరు, గడ్డొచ్చిన రోజున ఏం చేయాలో ఆమెకు నేర్పే ఏర్పాటు మాత్రం చేయలేదు.

ఆమెకు తెలియనివి కూడా ప్రాణాంతకంగానే ఉండేవి. కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసి, బూడిదో పేడో అద్దడంతో పసికందులు ధనుర్వాతంతో పోయేవారు. టీకాలతో, శుభ్రమైన కాన్పులతో ఆ పీడను వదిలించుకున్న మొదటి రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది. దేశం మొత్తానికీ ఆ గుర్తింపు రావడానికి 2015 దాకా పట్టింది.

మంత్రసానికి చదువు చెప్పే ప్రయత్నాలు లేకపోలేదు. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది. ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1926లో, నర్సులకూ మంత్రసానులకూ మద్రాసు ప్రెసిడెన్సీ చట్టం చేసింది. స్వాతంత్య్రం తర్వాత పల్లెల కోసం ఏఎన్ఎంలను తయారుచేశారు. ఆ పేరులో చివరి అక్షరం ‘ఎం’ అంటే మిడ్‌వైఫే. కాన్పులు చేయడమే వాళ్ల అసలు పని. 1973లో కర్తార్ సింగ్ కమిటీ నివేదిక తర్వాత వాళ్లను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలుగా మార్చి, శిక్షణ కాలం రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకు కుదించారు. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, టీకాలు, సర్వేలు, రిజిస్టర్లు మీదపడ్డాయి. కాన్పు చేసే చెయ్యి క్రమంగా రాసే చెయ్యి అయిపోయింది. మంత్రసాని పోయింది, ఆమె స్థానంలోకి రావాల్సిన మనిషీ రాలేదు. నా దృష్టిలో మన పురిటి గదుల అసలు కథ ఇదే.

చీమకుర్తిలో పథకం వేస్తే

ఇంటి కాన్పును పద్ధతిగా నడిపే దేశాలున్నాయి. నెదర్లాండ్స్‌లో అది ఆరోగ్య వ్యవస్థలో భాగం. ఇంగ్లండ్‌లో ప్రమాద లక్షణాలు లేని 64 వేల మందికి పైగా తల్లులను పరిశీలించి 2011లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. రెండో కాన్పో ఆ తర్వాతదో అయిన తల్లులు మిడ్‌వైఫ్‌తో ఇంట్లో కనాలనుకున్నప్పుడు, బిడ్డకు ఆసుపత్రిలో కంటే ఎక్కువ ప్రమాదం కనిపించలేదు. తొలి కాన్పులో తేడా ఉంది. బిడ్డకు తీవ్రమైన ఇబ్బందులు ఆసుపత్రిలో వెయ్యికి అయిదైతే, ఇంట్లో తొమ్మిది. పైగా ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని మధ్యలోనో, కాన్పయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది.

ఆ 45 మంది తరలింపును వైఫల్యం అనుకోకూడదు. వాళ్ల పథకంలోనే అది ఉంది. మిడ్‌వైఫ్ ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, ఆసుపత్రి తలుపు దగ్గర ఎవరూ తిట్టరు, అప్పటిదాకా రాసిన కాగితం చూసి డాక్టర్ పని అందుకుంటుంది. ఇల్లు, మిడ్‌వైఫ్, వాహనం, ఆసుపత్రి ఒకే వరుసలో ఉంటేనే అక్కడి ఇల్లు భద్రమైంది.

ఇప్పుడు ఆ వరుసను చీమకుర్తికి తెచ్చి చూద్దాం. మొదట తల్లి. బీపీ, షుగరు ఉండకూడదు. కవలలు కాకూడదు. తల కిందికే ఉండాలి. పాత సిజేరియన్ ఉండకూడదు. రక్తహీనత ఉండకూడదు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. ఒంట్లో రక్తం ఉన్న తల్లి తట్టుకునే రక్తస్రావాన్ని, లేని తల్లి తట్టుకోలేదు. జల్లెడ ఇక్కడే చాలామందిని ఆపేస్తుంది.

తర్వాత మిడ్‌వైఫ్ సంచీ. గంటగంటకూ కాదు, నొప్పులు జోరందుకున్నాక పావుగంటకోసారి, బిడ్డ కిందికి దిగేటప్పుడు అయిదు నిమిషాలకోసారి గుండె చప్పుడు వినే డాప్లర్ ఉండాలి. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించే బ్యాగూ మాస్కూ ఉండాలి. గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఉండాలి. ఈ మందు చల్లగా దాస్తేనే పనిచేస్తుంది. మే నెల ఎండల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం, అది ఎంతసేపు నిలుస్తుందో ఆలోచించాలి. కాన్పయ్యాక ఆగని రక్తం రెండు గంటల్లోపే ప్రాణం తీయగలదు. ఆ రెండు గంటల్లోనే ఫోను, వాహనం, కర్నూలు రోడ్డు, ఒంగోలు రక్తనిధి అన్నీ ఇమడాలి.

మన ఆచారం ఒకటి కూడా ఈ పథకానికి అడ్డొస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో. సీమంతం అయ్యాక పిల్లను కారెక్కించి తీసుకొస్తారు. అప్పటిదాకా అత్తగారి ఊళ్లో చూసిన ఏఎన్ఎం, డాక్టర్ ఇద్దరూ అక్కడే ఉండిపోతారు. కార్డు వెంట వస్తుంది, తెలిసిన చెయ్యి రాదు. మిడ్‌వైఫ్ బలమంతా నెలల తరబడి ఒకే మనిషి కనిపెట్టుకుని ఉండటంలోనే ఉంది. 17 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన 15 అధ్యయనాలను కలిపి 2016లో చూసినప్పుడు, అలా ఒకే మిడ్‌వైఫ్ బృందం చూసిన తల్లులకు నెలలు నిండని కాన్పులు తగ్గాయని తేలింది. కన్నవాళ్లు మంచి మనసుతో పుట్టింటికి తీసుకొచ్చే ఏడో నెలలోనే మనం ఆ దారం తెంపేస్తున్నాం.

చివరికి మిడ్‌వైఫ్. చీమకుర్తిలో ఈ రోజు ఇంటికొచ్చి, పై అర్హతలన్నిటితో, ఆసుపత్రి అండతో కాన్పు చేసే ఏర్పాటు లేదు. ఆ ఒక్కటి లేకుండా ఇంట్లో కనడం పథకం కాదు. 2018 జూలైలో తమిళనాడు తిరుప్పూరులో వీడియోలు చూసి ఇంట్లో కాన్పుకు పూనుకున్న ఒక తల్లి రక్తస్రావంతో చనిపోయింది. క్వారీల పక్కన రేకుల షెడ్లలో ఉండే ఒడిశా, బిహార్ కూలీల ఇళ్లలో, భాష రాక, సమయానికి బండి అందక ఇంట్లోనే అయిపోయే కాన్పుకు కూడా ఎవరూ పథకం వేయరు. ఇంటి కాన్పు కావాలనే వాళ్ల గురించి రాస్తూ, వద్దన్నా అదే దక్కే వాళ్లను మరిచిపోవడం నాకు న్యాయంగా తోచదు.

కరీంనగర్ చూపిన దారి

దారి లేకపోలేదు. హైదరాబాద్‌లో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ చొరవతో నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతో, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులకు 18 నెలల కోర్సు మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రభుత్వాసుపత్రుల్లోనే మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పు గదులు ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. ప్రమాదం లేని తల్లిని మొదటి నుంచి చివరిదాకా మిడ్‌వైఫే చూస్తుంది. తేడా కనిపించగానే డాక్టర్‌ను పిలుస్తుంది.

చీమకుర్తికి కావాల్సింది ఇదే. ఊళ్లో ప్రభుత్వాసుపత్రి ఉంది. అందులో ఒక గది, శిక్షణ పొందిన నలుగురైదుగురు మిడ్‌వైఫ్‌లు, తల్లి గొంతుక్కూర్చోవడానికీ నడవడానికీ చోటు, పక్కన అమ్మో అత్తో ఉండే వీలు, తలుపుకు తెర కావాలి. గ్రానైట్ సీనరేజికి అదనంగా వసూలయ్యే జిల్లా ఖనిజ నిధి ఈ గనుల దుమ్ము పీల్చే జనం కోసమే. ఆరోగ్యం ఆ నిధి ఖర్చుకు నిబంధనలు ఇచ్చిన ప్రాధాన్యాల్లో ఒకటి. దాంతో ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదేనని గట్టిగా నమ్ముతాను. మిడ్‌వైఫ్‌లు ముందు ఆ గదిలో నిలదొక్కుకోవాలి. వాళ్ల మీద ఊరికి నమ్మకం, వాళ్లకు ఒంగోలు డాక్టర్ల మీద నమ్మకం కుదరాలి. ఇంటి గడప దాకా వాళ్లు రావడం గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఈలోగా కడుపుతో ఉన్న అమ్మాయి ఆగదు గదా. ఏడో నెలలో పుట్టింటికి వచ్చిన వారంలోనే ఆసుపత్రికి వెళ్లి కాన్పు గదిని కళ్లారా చూడాలి. నొప్పుల్లో నడవనిస్తారా, అమ్మను లోపలికి రానిస్తారా, బొడ్డు కోసేముందు ఒకటి రెండు నిమిషాలు ఆగుతారా అని అడగాలి. కోత అంటే ఎందుకో చెప్పమని అడిగే హక్కు తనకుందని భర్తకూ తండ్రికీ కూడా ముందే తెలియాలి. హిమోగ్లోబిన్ ఎంతో ఇంట్లో అందరికీ గుర్తుండాలి. 108 రాకపోతే వచ్చే ఆటో డ్రైవరు ఎవరో, ఒంగోలులో రక్తం ఇవ్వగలిగిన అదే గ్రూపు బంధువులు ఎవరో తొమ్మిదో నెల రాకముందే మాట్లాడి పెట్టుకోవాలి. క్వారీ షెడ్లలో తెలుగు రాని గర్భిణి ఎవరైనా కనిపిస్తే ఆశా కార్యకర్తకు ఆ షెడ్డు ఎక్కడుందో చెప్పాలి.