కలర్ డ్రెస్ డే ముందు ఒక చరిత్ర పాఠం



వచ్చే నెల కలర్ డ్రెస్ డే. పిల్లలు అప్పుడే పత్తర్‌గట్టీ, మదీనా షాపుల గురించి మాట్లాడుకుంటున్నారు. అందుకే మధ్యయుగాల్లో మనుషులు ఏం కట్టుకునేవారో ఈ వారం ఎనిమిదో తరగతిలో చెప్పాను. అందులో కొంత మీకూ చెప్పాలనిపించింది.

ఆ కాలంలో యూరప్‌లో బట్టను చూస్తే మనిషి అంతస్తు తెలిసేది. రైతులు, కూలీలు ముతక ఉన్ని వేసుకునేవారు. పట్టు, ఖరీదైన బొచ్చు కోట్లు పెద్దింటివాళ్లవి. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన మామూలు కుటుంబాలు కూడా ప్రభువుల్లా తయారవడం మొదలుపెట్టాయి. దాంతో ఎవరు ఏ బట్ట, ఎంత ధరలో వేసుకోవాలో 1363లో ఇంగ్లండ్ పార్లమెంటు చట్టం చేసింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1463లో ఇంకో చట్టం వచ్చింది. ప్రభువు హోదా లేనివాళ్ల బూట్ల ముందు కొన రెండు అంగుళాలు మించకూడదట! ఇది విని పిల్లలు పడీ పడీ నవ్వారు.

మన దక్కన్‌లో నియమానికీ ముచ్చటకీ నేతగాళ్లే రాజీ కుదిర్చారు. ఇస్లాం సంప్రదాయంలో మగవాళ్లు అచ్చమైన పట్టు వేసుకోరు. వాళ్లకు పనికొచ్చిన బట్ట మష్రూ. పడుగు పట్టు, పేక నూలు. పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. అరబిక్ నుంచి వచ్చిన ఆ పేరుకు అర్థం ‘ధర్మం ఒప్పుకున్నది’. ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాద్ మష్రూ, హిమ్రూ నేతకు పేరుపొందింది. మీ ఇంట్లో పాత మష్రూ బట్ట ఉంటే పిల్లల చేత రెండు వైపులా తాకించండి. పాఠం చేతికే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. నేను బీఈడీ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు, ఇలాంటి రోజునే ఒక పాప స్కూలుకు రాలేదు. మర్నాడు అడిగితే జ్వరం అంది. కాసేపటికి దగ్గరికి వచ్చి, “కొత్త డ్రెస్ లేదు టీచర్” అని మెల్లగా చెప్పింది. యూనిఫాంలో ఉన్నన్నాళ్లూ కనిపించని తేడా ఆ ఒక్క రోజు ఆ పాపకు కనిపించింది.

కలర్ డ్రెస్ అంటే రంగు బట్టలే, కొత్త బట్టలు కాదు. రంజాన్‌కు కుట్టించినదైనా, దసరాకు కొన్నదైనా, అక్కది చెల్లికి సరిపోయినదైనా చాలు. ఎవరి డ్రెస్ ఎంతైందని ఆ రోజు క్లాసులో నేను అడగను, పిల్లల్ని అడగనివ్వను. ఇంట్లో మీరూ ఆ మాట తేకుండా ఉంటే నాకు సగం పని తగ్గుతుంది.

మీ పిల్లల సోషల్ టీచర్