కళాచిత్రము - వార్తాచిత్రము

తోట్లవల్లూరు వద్ద కృష్ణ యొడ్డున వేకువను నిలిచితిమా, లంకలపై మంచు, నీటిపై ఒంటి పడవ కనబడును. కళాదృష్టిగల ఛాయాగ్రాహకుడు తగిన వెలుగుకొరకు గంటలకొలది వేచియుండవచ్చును. అడ్డువచ్చిన కొమ్మను తొలగింపవచ్చును. అతడు చూపునది తన అనుభూతి. పడవ ఎవరిదని మనమడుగము.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు వచ్చినది. అట్టి వరదలో పడవ నెక్కినదెవరు, ఎప్పుడు, ఎచ్చట అనునవే ముఖ్యము. పత్రికా ఛాయాగ్రాహకుడు ఒక్క మనిషిని చేర్చరాదు, ఒక్కని తీసివేయరాదు. బొమ్మ క్రింది వివరణయు అంతే నిజము కావలెను.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచగా వేలమంది మరణించిరి. అట్టి వేళ బొమ్మ అందముగా లేకున్నను కొరత లేదు. అబద్ధమైనచో సాయము దారితప్పును.

వెలుగునీడల పొందిక రెంటికిని అవసరమే. కాని సంధ్యకాంతి సొగసుకొరకు ఇంటికప్పుపై చిక్కిన కుటుంబమును బొమ్మకు వెలుపల విడిచినచో, అది కళ యగునేమో గాని వార్త కాజాలదు. కావున కళాచిత్రమును “ఎంత బాగున్నది?” అనియు, వార్తాచిత్రమును “ఎంత నిజము?” అనియు ముందుగా అడుగుదము.