మనుషులున్నారు, మందుగుండే లేదు: అన్నవరం నుంచి అమెరికా గ్యారేజీ దాకా తూటా కథ

1923 ఏప్రిల్ 17. మన్యంలో పోలీసులు గాలిస్తున్న అల్లూరి సీతారామరాజు కొద్దిమంది అనుచరులతో కొండలు దిగి నేరుగా అన్నవరం వచ్చారు. రత్నగిరి ఎక్కి సత్యనారాయణస్వామి దర్శనం చేసుకున్నారు. అక్కడ ఒక వ్యక్తి ఆయన్ని ప్రశ్నలు అడగడం, ఆ సంభాషణ ఆంధ్రపత్రికలో అచ్చు కావడం చాలామందికి తెలిసిన సంగతే. అందులో ఒక జవాబు మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ప్రజాబలం తనకు కావలసినంత ఉందని, లేనివల్లా తుపాకులు, మందుగుండు సామానేనని, వాటి కోసమే ప్రయత్నిస్తున్నానని రాజు అన్నారు.

నూరేళ్లు దాటింది. అదే గోదావరి జిల్లాల నుంచి అమెరికా వెళ్లినవాళ్లలో తుపాకీ కొనుక్కుని ఆదివారం షూటింగ్ రేంజ్‌కు వెళ్లేవాళ్లూ ఉన్నారు. అక్కడ తూటాలు దుకాణంలో కొనుక్కోవడమే కాదు, గ్యారేజీలో బల్ల వేసుకుని సొంతంగా నింపుకోవచ్చు కూడా. దీన్ని ‘రీలోడింగ్’ అంటారు. ఇందులో ఎక్కువగా వినిపించే పేరు ‘ప్లేటెడ్ బుల్లెట్’. అల్లూరికి పోలీస్ స్టేషన్ మీద పడితే తప్ప దొరకనిది అక్కడ కొరియర్‌లో ఇంటికి వస్తుంది. మరి ఇక్కడ? ఒక్క తూటా సంచిలో మర్చిపోయినా కేసే. ఈ తేడా ఎక్కడుందో తెలియాలంటే ముందు తూటా లోపల ఏముందో చూడాలి.

తూటాలో నాలుగు భాగాలు

మనం మాటల్లో తూటా, బుల్లెట్, గుండు అన్నీ ఒకటే అనేస్తాం. నిజానికి బుల్లెట్ అంటే గొట్టంలోంచి దూసుకెళ్లే లోహపు ముక్క మాత్రమే. దాన్ని పట్టుకుని ఉండే ఇత్తడి గొట్టం రెండోది, ఉర్దూలో దీన్నే ఖోకా అంటారు. లోపల మందు మూడోది. ఖోకా అడుగున చిన్న బొత్తాం లాంటి ప్రైమర్ నాలుగోది. ట్రిగ్గర్ నొక్కితే సూది ప్రైమర్‌ను కొడుతుంది, అందులోంచి నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది, ఆ వాయువు ఒత్తిడికి బుల్లెట్ బయటికి పోతుంది. ఇత్తడి ఖోకా మాత్రం మిగిలిపోతుంది. రీలోడింగ్ అంతా ఆ మిగిలినదాని మీదే నడుస్తుంది.

మన్యంలో వేటకు వాడిన నాటు తుపాకీకి ఈ గొడవ లేదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డ కూరి, సీసం గుండు దిగ్గొడితే సరి. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు పాతకాలం నుంచి తెలిసిందే. సీసం కుంపటి మీద కరుగుతుంది, గుండు ఊళ్లోనే పోసుకోవచ్చు. పోలీసుల తుపాకీ అలా కాదు. దానికి ఫ్యాక్టరీలో చేసిన తూటాయే కావాలి. గుండు పోయగలిగినవాడు కూడా ప్రైమర్ చెయ్యలేడు. తుపాకీ ఎంత మంచిదైతే అది అంతగా సర్కారు గోదాం మీద ఆధారపడుతుంది. బ్రిటిష్ వాళ్లు 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు పెట్టినప్పుడు మందుగుండును కూడా అందులో కలిపింది ఊరికే కాదు.

ఇప్పుడు రాజు లెక్క చూద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. అందులో 1,390 ఒక్క చింతపల్లిలోనే. తీసుకెళ్లిన సరుకు వివరాలు స్టేషన్ రికార్డులో రాసి మరీ సంతకం పెట్టారాయన. అంత పద్ధతిగా స్టాక్ రిజిస్టర్ రాసిన దాడి ఇంకొకటి ఉంటుందా? కానీ భాగహారం చేస్తే తుపాకీకి సగటున 96 తూటాలు. ఇప్పుడు రేంజ్‌కు వెళ్లే మనిషి ఒక్క పూటలో అంతకంటే ఎక్కువే కాలుస్తాడు.

ఆ స్టాకుతోనే సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను పడగొట్టారు. ఆ తర్వాత సర్కారు తెలివి తెచ్చుకుంది. అక్టోబర్ 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్లకు రాజు వెళ్లేసరికి ఆయుధాలు ముందే దాచేశారు. అక్కడ జనం ఆయనకు దండాలు పెట్టారు, తూటా మాత్రం ఇవ్వలేకపోయారు. ఇటు ఖర్చే తప్ప జమ లేదు. అటువైపు మలబార్ స్పెషల్ పోలీస్ దిగింది. మలబార్‌లో మాప్పిళ్ల తిరుగుబాటును అణచడానికి 1921లో పెట్టిన దళమది, దానికి సరుకు రైల్లో వస్తుంది. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం పోరులో రాజు దళం దెబ్బతింది. అన్నవరంలో ఆయన ఆ జవాబు చెప్పింది దీని తర్వాతే. అందుకే అది మామూలు మాటలా అనిపించదు.

(ఇంకో సంగతి. తిరుగుబాటుకు ముందు రాజు మీద అనుమానంతో సర్కారు నిఘా పెట్టినప్పుడు ఆయనకు అండగా నిలిచి, పైడిపుట్టలో భూమి వచ్చేలా చూసింది పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజులుల్లా ఖాన్. సినిమాల్లో ఈ పేరు ఎంతమందికి గుర్తుంది?)

అమెరికాలో ఎలా నింపుతారు?

అక్కడ ప్రైమర్ దుకాణంలో దొరుకుతుంది. కథ మొత్తం మారింది ఇక్కడే. కాల్చాక పడిన ఖోకాలు ఏరుకుని, శుభ్రం చేసి, ప్రెస్ అనే చేతి యంత్రంలో సైజు సరిచేసి, పాత ప్రైమర్ తీసి కొత్తది పెట్టి, తూకం ప్రకారం మందు వేసి, బుల్లెట్ కూర్చోబెడతారు. అమెరికాలో ఎక్కువగా వాడేది బాక్సర్ రకం ప్రైమర్, అడుగున ఒకే రంధ్రం కాబట్టి తీయడం తేలిక. దాన్ని కనిపెట్టిన ఎడ్వర్డ్ బాక్సర్ బ్రిటిష్ సైన్యాధికారి. అమెరికన్ అయిన బెర్డాన్ పేరుతో ఉన్న రకమేమో చాలా దేశాల సైన్యాలు వాడాయి, అది మళ్లీ నింపడం కష్టం. ఎవరి సరుకు ఎవరికి పనికొచ్చిందో చూడండి.

ఖోకా ఇత్తడి, మళ్లీ మళ్లీ వాడొచ్చు. ప్రతిసారీ కొత్తగా కొనాల్సింది ప్రైమర్, మందు, బుల్లెట్. డబ్బు మిగలాలంటే బుల్లెట్ దగ్గర బేరం చూసుకోవాలి, అందుకే ప్లేటెడ్ వైపు వెళ్తారు.

బుల్లెట్ మూడు రకాలు. ఒకటి ఉత్త సీసం. చవక, కానీ మెత్తన. వేగం పెరిగితే తుపాకీ గొట్టం లోపల సీసం అంటుకుంటుంది, పొగ ఎక్కువ, చేతులకు అంటుతుంది. రెండోది జాకెటెడ్. సీసం మీద మందపాటి రాగి మిశ్రమం తొడుగు, ఖరీదు ఎక్కువ, ఎంత వేగాన్నైనా తట్టుకుంటుంది. ఈ తొడుగు ముక్కు దగ్గర తీసేసి, తగిలాక విచ్చుకునేలా చేసిన తూటాలకే కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారం పేరు వచ్చింది. యుద్ధంలో అలాంటివి వాడొద్దని 1899లో హేగ్ ప్రకటన కూడా వచ్చింది.

మూడోదే ప్లేటెడ్. సీసం ముక్కను ద్రావణంలో ముంచి కరెంటుతో రాగి పూత పట్టిస్తారు. మన వన్ గ్రామ్ గోల్డ్ గాజు గుర్తు తెచ్చుకుంటే చాలు. పైకి చూస్తే జాకెటెడ్‌కూ దీనికీ తేడా కనపడదు, ధరలో కనపడుతుంది. పూత మందం అంగుళంలో వెయ్యో వంతుల్లోనే ఉంటుంది. గాజును రాయికేసి గీస్తే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. వాడే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయంలోంచే పుట్టాయి.

మొదటిది వేగం. మామూలు పూత ఉన్నవాటిని సెకనుకు సుమారు 1,200 నుంచి 1,250 అడుగుల లోపే వాడమని తయారీదార్లు చెబుతారు. మందపు పూత రకాలు 1,500 దాకా తట్టుకుంటాయి. 9 ఎంఎం పిస్టల్‌కు మామూలు పూత సరిపోతుంది. .357 మాగ్నమ్ లాంటిదాన్ని పూర్తి బలంతో కాల్చాలంటే పనికిరాదు. మందు ఎంత వెయ్యాలన్నది తయారీదారు ఇచ్చిన పట్టిక చూసే తేల్చుకోవాలి. జాకెటెడ్‌కు రాసిన గరిష్ఠ లెక్కను దీనికి వాడటం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన అంకె నమ్మి మందు పొయ్యడం అంతకంటే పెద్ద తప్పు. ఒకే ఖోకాలో పొరపాటున రెండుసార్లు మందు పడితే తుపాకీయే చేతిలో పేలొచ్చు.

రెండోది నొక్కుడు. బుల్లెట్ కూర్చోబెట్టే ముందు ఖోకా మూతిని కాస్త వెడల్పు చేస్తారు, తర్వాత తిరిగి మూస్తారు. వెడల్పు చాలకపోతే అంచు పూతను గీకేస్తుంది. మూసేటప్పుడు గట్టిగా నొక్కితే పూత తెగుతుంది. తెగిన పూత కాల్చినప్పుడు ఊడిపోయి సీసం వేరుగా, రాగి వేరుగా పోతాయి, గురి చెడుతుంది. ఒకటి రెండు నింపాక బుల్లెట్‌ను వెనక్కి లాగి, చుట్టూ గీత పడిందేమో చూసుకోవడం అనుభవం ఉన్నవాళ్ల అలవాటు. గీత లోతుగా ఉంటే నొక్కుడు తగ్గించాలి. అలాగని మరీ వదులుగా వదిలితే బుల్లెట్ లోపలికి జారుతుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది కొలత, బరువు. 9 ఎంఎంకు 0.355 అంగుళాల కొలత మామూలు. ప్లేటెడ్‌లో 0.356 కూడా వస్తాయి. బరువును గ్రెయిన్లలో చెబుతారు: 115, 124, 147. 124 గ్రెయిన్లంటే సుమారు 8 గ్రాములు, మన లెక్కలో ఒక కాసు. తయారీదార్లలో బెర్రీస్, రెయినియర్, ఎక్స్‌ట్రీమ్ పేర్లు వినిపిస్తాయి. పూత మందం ఎంతో, వేగం హద్దు ఎంతో డబ్బా మీదో వెబ్‌సైట్‌లోనో రాయని సరుకు ఎంత చవకైనా తీసుకోకపోవడమే మంచిది.

పూత ఉంది కదా, సీసం బాధ లేదనుకుంటారు కొందరు. అది సగమే నిజం. చాలా ప్రైమర్ల పొగలోనే సీసం ఉంటుంది, వాడిన ఖోకాలు శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములోనూ ఉంటుంది. పిల్లల మెదడుకు సీసం చేసే హాని తెలిసిందే. ఆ బల్ల దగ్గర టీ తాగకూడదు, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు.

ఇక్కడికి వస్తే

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు అంటే నిండు తూటా ఒక్కటే కాదు. దాని భాగాలు, దాన్ని తయారు చేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. అంటే డాలస్‌లో గ్యారేజీ సామాను అనిపించుకున్న ప్రెస్, ప్లేటెడ్ బుల్లెట్ల డబ్బా ఇక్కడ దిగగానే వేరే పేరు తెచ్చుకుంటాయి. తయారీకి సెక్షన్ 5 కింద లైసెన్సు కావాలి. చేతిలో లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన తూటా నింపుకునే హక్కు రాదు. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీసం 7 ఏళ్ల నుంచి జీవిత ఖైదు వరకు శిక్ష ఉంది. విదేశం నుంచి తేవాలన్నా సెక్షన్ 10 కింద లైసెన్సు తప్పదు.

అయితే ఎక్కువమంది ఇరుక్కునేది తయారీలో కాదు, సంచిలో. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగే ఊరికి తెచ్చుకుంటారు. ఏ జేబు మూలలోనో ఒక తూటా ఉండిపోతుంది. అమెరికాలో సరిగ్గా ప్యాక్ చేసి చెబితే చెక్-ఇన్ లగేజీలో తూటాలు అనుమతిస్తారు కాబట్టి అక్కడ ఎవరూ పెద్దగా ఆపకపోవచ్చు. ఇక్కడ విమానాశ్రయంలో స్కానర్ పట్టుకుంటే పోలీసులకు అప్పగిస్తారు. అన్నవరంలో వ్రతం చేయించుకుందామని వచ్చిన కుటుంబం ఆ రోజంతా స్టేషన్‌లో కూర్చోవాల్సి రావచ్చు, పాస్‌పోర్టు, తిరుగు టికెట్ సంగతి సరేసరి.

చట్టంలో కొంత ఊరట ఉంది. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో, 1994లో సంజయ్ దత్ కేసులో చెప్పింది. మర్చిపోయిన ఒక్క తూటా కేసులను ఈ ఆధారంతో హైకోర్టులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి. వేరే భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలకు సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. ఖాళీ ఖోకాతో చేసిన కీ చైన్ లాంటివాటికి లాయర్లు ఈ వాదనే చెయ్యగలరు. కానీ అది కోర్టులో చెప్పుకునే మాట. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర పనిచెయ్యదు, కేసు కొట్టేయించుకోవడానికి నెలలు పడుతుంది, లాయర్ ఫీజు వేరే.

కాబట్టి అమెరికాలో ఈ అలవాటున్న పిల్లలు ఊరికి బయల్దేరుతుంటే ఇంట్లోవాళ్లు ఫోన్‌లో అడగాల్సింది ఒకటే: రేంజ్ బ్యాగ్ ఎక్కడుంది? దాన్ని ప్రయాణానికి వాడొద్దని, జాకెట్ జేబులు, లైనింగ్ చిరుగులు సహా అన్నీ దులిపి చూసుకోమని, పిల్లలకు గుర్తుగా తెచ్చే ఖోకా కూడా వద్దని చెప్పండి. ఒకవేళ దొరికితే దాచకుండా, ఎక్కడ కాల్చారో, అక్కడి తుపాకీ పత్రాలేమిటో చూపించి, లాయర్ వచ్చాకే వాంగ్మూలం మీద సంతకం పెట్టమనండి.